పోషణ ఎవరికి, వెట్టి ఎవరికి? - మౌలాలి కొండ కింద కొన్ని ప్రశ్నలు

మౌలాలి కొండకు నాలుగు వందల పైచిలుకు మెట్లున్నాయి. మొక్కు ఉన్నవాళ్ళు, ఉరుసుకొచ్చినవాళ్ళు, సాయంత్రం గాలికోసం వచ్చే హౌసింగ్ బోర్డు కాలనీ పిల్లలు అందరూ ఆ మెట్లెక్కుతారు. కొండ కింద ఒక తోట, అందులో ఒక సమాధి ఉన్నాయని వాళ్ళలో చాలామందికి పట్టదు. మేమూ చాలా ఏళ్ళు అట్లనే దాటిపోయాం. అది మహలకా బాయి చందా సమాధి. 1792లో ఆమె తన తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం కట్టించింది. 1824లో ఆమె చనిపోతే ఆమెనూ అక్కడే పెట్టారు. 1768లో పుట్టిన మహలకా పాడింది, ఆడింది, ఉర్దూలో గజళ్ళు రాసింది. గజళ్ళ దీవాన్ ఉన్న తొలితరం కవయిత్రుల్లో ఆమె ఒకరు. జాగీరు కూడా ఉన్న మనిషి. ఏళ్ళ తరబడి పాడుబడ్డ ఆ తోటను 2010-11లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో బాగుచేశారు.

మరమ్మతు జరిగినందుకు మాకు సంతోషమే. మా పేచీ సమాధితో కాదు, దాని చుట్టూ అల్లుకున్న కథతో. ఆ కథ ఎవరు చెప్పినా ఒక్క తీరుగనే ఉంటది: "ఆసఫ్‌జాహీల కాలంలో కళలకు పోషణ ఉండేది, 1948లో రాజ్యం పోయింది, పోషణ పోయింది, కళాకారులు చెట్టుకొకరు పుట్టకొకరయ్యారు, కళ అంతరించింది, ఇప్పుడు దాన్ని పునరుద్ధరించాలి." వినడానికి బాధ కలిగించే కథే. కాని ఇందులో 'కళాకారులు' అన్న మాటకు అర్థం ఏంది? ఆ మాట కింద మా తాతలు ఉన్నారా? దొరగడి ముందర డప్పు కొట్టిన మనిషి ఏం పోగొట్టుకున్నాడని ఈ కథ చెప్తున్నది?

మహలకాను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఆమె తల్లివైపు వాళ్ళు దిక్కులేని స్థితిలో గుజరాత్ నుంచి కదిలి, భగతియాలనే ఆటపాటల బృందాల్లో కలిసి, సైన్యాల వెంట బుర్హాన్‌పూర్, ఔరంగాబాద్ మీదుగా హైదరాబాదు చేరిన ఆడవాళ్ళు. అంటే ఆ తోట కూడా ఇల్లు చెదిరిన కళాకారులు కట్టుకున్న ఇల్లే. ఆమె వారసులుగా చెప్పుకునే తవాయిఫ్‌లు 1948 తర్వాత పడ్డ పాట్లు నిజం. నిన్నటిదాకా వాళ్ళ పాట విన్న పెద్దమనుషులే తెల్లారేసరికి వాళ్ళను 'ఆ బజారు ఆడవాళ్ళు' అన్నారు. ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట అంటున్నాం: రాజ్యం కూలినప్పుడు చోటు పోవడం అందరికీ ఒకే అనుభవం కాదు. కొందరికి అది ఆస్తి పోవడం. కొందరికి కొలువు పోవడం. ఇంకొందరికి మెడ మీది కాడి దిగడం. ఈ మూడింటినీ 'కళకు జరిగిన నష్టం' అని ఒకే గంపలో వేసే విమర్శను మేము ఒప్పుకోలేం.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. 'పోలీసు చర్య' అని పేరు పెట్టినా ట్యాంకులతో, విమానాలతో జరిగిన పని అది. తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింసలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నవి. అక్కడి కుటుంబాలు ఎన్నో హైదరాబాదుకు వచ్చిపడ్డాయి. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1956 నవంబర్ 1న రాజ్యాన్నే మూడు ముక్కలు చేశారు: తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌కు, మరాఠ్వాడా ఐదు జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మూడు మైసూరుకు. యుద్ధం, ఆ వెనుక సరిహద్దులు మారడం అంటే మన చదువుకున్నవాళ్ళకు యూరప్ గుర్తొస్తది గాని, మన ఇంటి ముందర జరిగింది అదే.

యూరప్‌ సంగతే చూడండి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పోలెండు సరిహద్దులు పడమటికి జరిగాయి. ల్వోవ్ నగరం సోవియట్ ఉక్రెయిన్‌లోకి పోయింది. ఆ ఊళ్ళో 1894 నుంచి ప్రదర్శిస్తున్న రస్లవిత్సె యుద్ధచిత్రం, 15 మీటర్ల ఎత్తు, 114 మీటర్ల పొడవున్న బట్ట, 1946లో వ్రోత్స్వాఫ్ చేరింది. 1794లో కొడవళ్ళు పట్టిన రైతులు రష్యా సైన్యాన్ని గెలిచిన ఘట్టం అది. రష్యాకు కోపం వస్తదని దాన్ని చుట్టి మూలన పడేశారు. 1985లో గాని మళ్ళీ జనం చూడలేదు. అయినా బట్ట ఉంది కాబట్టి ఎప్పటికో ఒకప్పటికి గోడ దొరికింది. మన పక్కనే పంజాబులో ఏం జరిగింది? అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో తరతరాలుగా గురువుల కీర్తనలు పాడిన ముస్లిం రబాబీలు 1947లో సరిహద్దు దాటాల్సి వచ్చింది. ఆవల వాళ్ళ కీర్తన వినే సభ లేదు. ఈవల వాళ్ళ చోటు మళ్ళీ వాళ్ళకు రాలేదు. వాళ్ళు మిరాసీలతో కలిపి లెక్కగట్టే కింది కులస్థులు. గోడకు వేలాడదీసే కళకు సరిహద్దు దాటించే రైలు దొరుకుతది. కులం మీద, సేవ మీద నిలబడ్డ కళకు అవతలి ఒడ్డున ఎవరూ ఎదురుచూడరు.

ఇక డప్పు దగ్గరికి వద్దాం. చెక్కతో చట్రం, దాని మీద బిగించిన తోలు, ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల. కొట్టే ముందు మంట మీద కాచాలి, లేకుంటే పలకదు. తోలు తీసేది, నానబెట్టేది, బిగించేది, కొట్టేది మాదిగ మనిషే. నిజాం కాలపు తెలంగాణ ఊళ్ళో ఆ డప్పుకు ఎన్ని పనులు! తహసీల్దారు వస్తున్నాడని చాటింపు వేయాలి. దొర ఇంట్ల పెండ్లయితే కొట్టాలి, చావైతే కొట్టాలి, వేటకు పోతే అడవిలో జంతువులను బెదరగొట్టడానికి కొట్టాలి. జాతరకు కొట్టాలి, పీర్ల పండుగకు అలావ చుట్టూ కొట్టాలి. వీటిలో కొన్నింటికి కళ్ళంలో ఇంత గింజ దొరికేది. చాలావాటికి అదీ లేదు. దాన్నే వెట్టి అన్నారు. రానంటే దెబ్బలు.

'పోషణ' అనే మాటను ఈ మనిషి ముందు పెట్టండి. మొఖం మీద నవ్వుతడు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో దొరలు గడులు వదిలి పట్నం పారిపోయిన ఊళ్ళలో మొదట ఆగినవాటిలో వెట్టి డప్పు ఒకటి. పోలీసు చర్య తర్వాత సైన్యం వెంట దొరలు మళ్ళీ వచ్చారు, పాత పనులు మళ్ళీ చెప్పారు. కొన్ని ఊళ్ళలో సాగినయ్, కొన్ని ఊళ్ళలో సాగలేదు. ఈ కొట్టనన్న రోజును కళాచరిత్రలో ఎక్కడ రాయాలి? పోషణ కథ ప్రకారమైతే ఆ రోజు ఒక కళ ఆగిపోయింది. మా లెక్క ప్రకారం ఆ రోజే కళాకారుడు పుట్టాడు. ఎందుకంటే కొట్టనని చెప్పే హక్కు ఉన్నప్పుడే కొట్టడం కళ అవుతది.

ఈ మాటకు ఎదురుప్రశ్న ఉంది. వెట్టి పోవడంతో పాటు గింజా పోయింది కదా, ఊరి పండుగలో చోటూ పోయింది కదా అని మా మిత్రులే అడుగుతారు. నిజమే. కొట్టనన్న కుటుంబాలను ఊరు వెలివేసింది, కూలికి పిలవలేదు. అప్పటి ముచ్చటే కాదు, తర్వాతా చావుకు డప్పు కొట్టనన్నందుకు మాదిగవాడల మీద సాంఘిక బహిష్కరణలు జరుగుతూనే వచ్చాయి. కాబట్టి మళ్ళీ కట్టుకోవడమనేది ఉత్సాహంగా చెప్పుకునే కథ కాదు. పస్తులుండి కట్టుకున్నది. ఇంకో సంగతి. అన్నీ పునరుద్ధరించాలనేవాళ్ళు జోగిని ఆటను ఏం చేస్తారు? జాతరలో డప్పు ముందర ఆడిన ఆ పిల్లా దళిత పిల్లనే. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1939లో చనిపోయేదాకా ఆ దురాచారం మీద పోరాడాడు. ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ చట్టం 1988లో గాని రాలేదు. తవాయిఫ్ నృత్యం పోయిందని కన్నీళ్ళు పెట్టుకునే వ్యాసాలు, కొండ కింద తోటను వర్ణించే వ్యాసాలు, ఈ పిల్ల పేరెత్తవు. ఎత్తితే కథ చెడుతది.

కొలువు పోయినవాళ్ళ సంగతి వేరు. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. 19వ శతాబ్దంలో వనపర్తి రాజు ఆఫ్రికా సంతతి మనుషులతో కూర్చిన దళాన్ని నిజాంకు అప్పజెప్పాడు. ఆ గుర్రపు సిపాయిల వారసులే ఆ బస్తీ సిద్దీలు. విలీనం తర్వాత దళం రద్దయింది. గుర్రం లేదు, యూనిఫారం లేదు, చదువు లేదు. చిన్న చిన్న నౌకర్లలో చేరారు. మిగిలింది మర్ఫా. హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులూ, ఈ సిద్దీలూ కొట్టే వాయిద్యం అది. డఫ్, మర్ఫా నగారా, ఇత్తడి బిందె, కత్తులూ కట్టెలూ పట్టి ఆడే ఆట. ఒకప్పుడు సిపాయిల వేడుకకు, నిజాం సంబురాలకు మోగిన దాన్ని వాళ్ళు పెళ్ళి బారాతుకు తెచ్చారు. ఏ మతం పెళ్ళి అని చూడలేదు. పైసలిచ్చినోళ్ళ గల్లీలో కొట్టారు. ఇయ్యాల పట్నంల గణేశ్ ఊరేగింపులోనూ, బోనాల్లోనూ, ఎలక్షన్ ర్యాలీలోనూ వినపడే తీన్‌మార్ దెబ్బకు మర్ఫాతో దగ్గరి చుట్టరికం ఉంది. ఏ అకాడమీ సాయం లేకుండా, రాజ్యం కూలిన తర్వాత, ఒక పట్నం మొత్తం అడుగు కదిపే తీరునే మార్చారు వీళ్ళు. దీన్ని మించిన పునర్నిర్మాణం హైదరాబాదు చరిత్రలో ఏదైనా ఉంటే చూపించండి! కాని సరిహద్దు వాళ్ళను వదల్లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ సిద్దీలకు 2003లో షెడ్యూల్డ్ తెగ గుర్తింపు దొరికింది. తెలంగాణ జాబితాలో సిద్దీ అనే పేరే లేదు.

1956 గీత డప్పును కూడా కోసింది. అప్పటిదాకా ఒకే రాజ్యంలో ఉన్న తోలు వాయిద్యం మూడు భాషల రాష్ట్రాల్లో పడింది. మరాఠ్వాడాలో మాంగులు కొట్టేది హల్గీ. కన్నడ జిల్లాల్లో మాదిగలు కొట్టేది హలగె, తమటె. మన దగ్గర డప్పు. ముగ్గురి చేతులకూ అదే వాసన, ముగ్గురికీ ఊరి బయటే ఇల్లు. కాని 1956 తర్వాత ఇవి మూడు వేరు వేరు 'జానపద కళలు' అయ్యాయి, మూడు ప్రభుత్వాల సాంస్కృతిక శాఖల ఫైళ్ళలోకి ఎక్కాయి. భాషాప్రయుక్త రాష్ట్రం వస్తే జనం కళలకు మంచి రోజులొస్తయని కమ్యూనిస్టులు విశాలాంధ్ర నినాదం ఇచ్చిన రోజుల్లో నమ్మకం ఉండేది. మహారాష్ట్రలో మాంగ్ కులానికి చెందిన షాహీర్ అన్నాభావు సాఠే సంయుక్త మహారాష్ట్ర కోసం వీధివీధినా పాడాడు. బెల్గాం, కార్వార్, నిపాణీ గీతకు అవతల ఉండిపోయాయన్న దిగులును ఊళ్ళో విడిచివచ్చిన భార్య మీది బెంగగా మలిచి పాట కట్టాడు. రాష్ట్రం 1960లో వచ్చింది. 1969లో ఆయన ముంబైలో పేదరికంలోనే పోయాడు. సరిహద్దు కోసం గొంతు అరిగేదాకా పాడినవాడికి ఆ సరిహద్దు లోపల ఏం దొరికిందో ఆయన బతుకు చెప్తది.

మన వైపు కొత్త రాష్ట్రానికి ఒక నాట్యం కావాల్సి వచ్చింది. ఎంపికైంది కూచిపూడి. 1957లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ఏర్పడింది. కృష్ణా జిల్లా అగ్రహారంలో బ్రాహ్మణ మగవాళ్ళు ఆడిన భాగవతం 'తెలుగువారి శాస్త్రీయ నృత్యం' అయింది. మద్రాసు రాష్ట్రంలో 1947 దేవదాసీ చట్టంతో వేదిక పోగొట్టుకున్న కళావంతుల ఆడవాళ్ళ అభినయం అందులో ఎంత కలిసిందో ఎవరూ లెక్క చెప్పలేదు. అదే సమయానికి తెలంగాణలో చిందు భాగోతం ఉంది. అందులో ఆడవాళ్ళే ఆడవేషం కడతారు, మగవేషమూ కడతారు. బోధన్ దగ్గరి అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ ఆ రంగస్థలం మీద ఎల్లమ్మ వేషంతో పేరు తెచ్చుకుంది. ఆమె 2005లో చనిపోయేనాటికి కూడా ఆమె కళకు దొరికిన మాట 'జానపదం'. మగవాడు ఆడవేషం కడితే శాస్త్రీయం, మాదిగ ఉపకులం ఆడది దేవత వేషం కడితే జానపదం. ఈ తేడా వెనక కళాసూత్రం ఏదైనా ఉంటే పండితులు మాకు చెప్పాలి.

చిందు గురించి ఇంకొంచెం ఆగి చెప్పాలి. ఎందుకంటే పోషణ కథను అన్నిటికంటే గట్టిగా దెబ్బతీసేది ఇదే. చిందులవాళ్ళను పోషించింది నవాబు కాదు, దేశ్‌ముఖ్ కాదు. మాదిగవాడ. ఏ ఊళ్ళు ఏ చిందు కుటుంబానివో లెక్క ఉంటది, ఆ మిరాశి ప్రకారం వచ్చి మాదిగలకు జాంబపురాణం చెప్పి, ఆట ఆడి, వాళ్ళ దగ్గర త్యాగం తీసుకుంటారు. భూమి పుట్టకముందే మా ఆది జాంబవుడు ఉన్నాడని చెప్పే పురాణం అది. దేశంలో అందరికంటే పేదవాళ్ళు తమ చరిత్ర తాము వినడానికి పెట్టుకున్న ఖర్చు. ఇక నిజాం పోతే దీనికేం నష్టం? ఏమీ లేదు. చిందుకు దెబ్బ తగిలింది వేరే చోట. బావి మీద మోట ఆగి, ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటర్లు వచ్చిననాడు మోటబొక్కెనకు తోలు అక్కర లేకపోయింది. ఊరి చెప్పులకు కంపెనీ చెప్పులు పోటీకి వచ్చాయి. చేతిపని పోయిన మాదిగ కూలికి పట్నం బయల్దేరాడు. పోషకుడే వలసపోతే ఆట ఎవరికి? 1948లోనో 1956లోనో గీత గీసి 'ఇక్కడ కళ పోయింది' అని చెప్పే పద్ధతికి ఈ మోటబొక్కెన కనపడదు. చిందుల చరిత్ర రాయాలంటే దర్బారు దస్త్రాలు కాదు, ఊరి బావుల లెక్క తీయాలి.

ఇన్ని దెబ్బల మధ్య మళ్ళీ కట్టుకున్నదేమిటి? దండోరా అనే మాటనే తీసుకోండి. ఊరి చివరి నుంచి మాదిగ మనిషి డప్పు కొట్టుకుంటూ వచ్చి దొర ఆజ్ఞ చాటే వెట్టి పని పేరు అది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి మొదలైనప్పుడు జనం నోట ఆ ఉద్యమం పేరే దండోరా అయింది. ఎవరి ఆజ్ఞో చాటిన నోరు తన డిమాండు చాటింది. అంతకు ముందే 1972లో మొదలైన జన నాట్య మండలితో గద్దర్ గోచీ, గొంగడి, గజ్జెలు వేదిక మీదికి తెచ్చాడు. వామపక్ష సాంస్కృతిక బృందాలు కులం ప్రశ్నను ఎంత ఆలస్యంగా పట్టించుకున్నాయో వేరే చర్చ. కాని డప్పు చూస్తే సిగ్గుపడ్డ చదువుకున్న దళిత పిల్లలు దాన్ని మళ్ళీ చేతబట్టడంలో ఈ రెండు ఉద్యమాలకూ వాటా ఉంది. గద్దర్ ఉన్నది మౌలాలికి దూరమేమీ కాని అల్వాల్ వైపే. 2023 ఆగస్టులో అక్కడే, తాను పెట్టిన మహాబోధి బడి ఆవరణలోనే, ఆయనను ఖననం చేశారు. మహలకా తోట నుంచి అక్కడికి పోయే దారిలో మేము ఆలోచించిందే ఈ వ్యాసం.

2014లో మళ్ళీ ఒక సరిహద్దు మారింది. ఈసారి యుద్ధం లేదు. కొత్త రాష్ట్రం బోనాలను, బతుకమ్మను రాష్ట్ర పండుగలు చేసింది. డక్కలి కులానికి చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మంచిదే. అదే 2024లో మొగిలయ్య పట్నం శివార్లలో కూలి పని చేస్తున్న ఫొటో పత్రికల్లో వచ్చింది. శాలువా కప్పడం నేర్చిన రాజ్యం నెలజీతం ఇవ్వడం నేర్వలేదు. సమాధికి నిధులు అమెరికా నుంచి వచ్చాయి, కిన్నెర మెట్లకు మన సెక్రటేరియట్ నుంచి రావడమే కష్టమైంది. ఇది రాసేటప్పుడు మాకు కోపం వచ్చిన మాట నిజం, దాచుకోం.

కొండ మీదికి మళ్ళీ ఒకసారి వెళ్దాం. ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో యాకూత్ అనే ఖోజా జబ్బుపడి లాలాగూడ వచ్చాడని, కలలో పిలుపు విని ఈ కొండ ఎక్కాడని, రాతి మీద అలీ చేతి గుర్తు చూశాడని స్థలపురాణం. సంవత్సరం 1578 అంటారు. యాకూత్ అంటే కెంపు. బానిసలకు, అంతఃపుర సేవకులకు ఆ కాలంలో రత్నాల పేర్లు పెట్టేవారు. ఏటా రజబ్ 17న వేలమంది ఎక్కే ఈ మెట్ల మొదట్లో ఉన్నది నవాబు కాదు, ఒక సేవకుడు. దర్గా చరిత్ర చెప్పేవాళ్ళు అతని పేరు ఒక్క వాక్యంలో చెప్పి నవాబుల కానుకల దగ్గరికి దూకుతారు.

ఈ దూకుడు ఆపడానికి మేము ఒక చిన్న పని మొదలుపెడుతున్నాం. చదివే టీచర్లను, విద్యార్థులను, సంఘాల కార్యకర్తలను అడుగుతున్నాం. మీ ఊళ్ళో వెట్టి డప్పు ఆఖరుసారి ఎప్పుడు మోగింది? కొట్టనని మొదట అన్నదెవరు? అన్న తర్వాత ఆ ఇంటికి ఊరు ఏం చేసింది? ఆ ఇంట్లో డప్పు ఉందా, అమ్మేశారా, అటక మీద ఉందా? ఇప్పుడు ఆ ఇంటివాళ్ళు ఎక్కడ, ఏం పనిలో ఉన్నారు? ఊళ్ళో మోట ఆగి మోటరు వచ్చిన ఏడు ఏది, చిందులవాళ్ళు ఆఖరుసారి వచ్చిన ఏడు ఏది? ముసలివాళ్ళు ఉండంగనే అడిగి, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసి పంపండి. సంవత్సరం గుర్తులేదంటే ఏ కరువప్పుడో, ఏ ఎలక్షనప్పుడో అడగండి, దొరుకుతది.